తేదీ వున్నవీ, తేదీ లేనివీ

ఒకే తారీఖున వేర్వేరు సంవత్సరాలలో జరిగిన సంఘటనలను ఒకచోట పేర్చి "చరిత్రలో ఈ దినం" అని చూపే అలవాటు పత్రికలలోనూ, కళాశాలల నోటీసు బోర్డుల మీదా చాలాకాలంగా వున్నది. దానిని కాలక్షేపమని కొట్టివేయడం సులభం. హేతువాదికి మరీ సులభం. నెలా తారీఖూ కలిసినంత మాత్రాన 1949లో జరిగినదానికీ 1953లో జరిగినదానికీ కార్యకారణ సంబంధం ఏర్పడదు గదా! సూర్యుని చుట్టూ తిరిగే భూమి మళ్ళీ ఆ చోటికే వచ్చిందని తప్ప ఆ కలయిక మరేమీ చెప్పదు. ముహూర్తబలాన్ని నమ్మేవాడు తిథిలో వెదికేదానినే మనం తేదీలో వెదికితే, పంచాంగాన్ని మార్చామే గాని బుద్ధిని మార్చుకోలేదన్నమాట.

ఇంతవరకు వాదం సరియైనదే. ఇక్కడితో ఆగితే మాత్రం అసలు ప్రశ్న తప్పిపోతుంది. తేదీలు సంఘటనలను కలపవు, నిజమే. కాని ఏ సంఘటనలకు తేదీ దొరుకుతున్నది, వేటికి దొరకడం లేదు? దొరకనివాటి పట్ల మన బాధ్యత ఏమిటి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. అనంతపురం పీఠభూమి మీద బ్రతికేవానికి ఇది కొంచెం ముందుగా తడుతుంది.

అక్టోబరు ఒకటో తేదీనే తీసుకుందాం. 1949లో ఆనాడు పెకింగులో మావో చైనా ప్రజా రిపబ్లిక్కును ప్రకటించాడు. 1953లో ఆనాడు కర్నూలులో నెహ్రూ ఆంధ్రరాష్ట్రాన్ని ప్రారంభించాడు. ప్రకాశం ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఆనాడే బళ్ళారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. తక్కినవి బళ్ళారితో సహా మైసూరుకు పోయాయి. రాయదుర్గం అనంతపురం జిల్లాకు వచ్చింది. రాత్రి మద్రాసు రాష్ట్రంలో, బళ్ళారి జిల్లాలో పడుకున్న రాయదుర్గం రైతు తెల్లవారి ఆంధ్రరాష్ట్రంలో, అనంతపురం జిల్లాలో కన్ను తెరిచాడు. అతని చేను మాత్రం అంగుళం కూడ కదలలేదు.

ఈ తేదీల స్వభావాన్ని కొంచెం పరిశీలించాలి. 1949 అక్టోబరు 1 నాటికి కాంటను నగరం ఇంకా కొమింటాంగు చేతిలోనే వుంది. ప్రజాసైన్యం అందులో అడుగుపెట్టింది ఆ నెల మధ్యలో. అంటే విప్లవం ఆనాడు పూర్తయిందనీ కాదు, మొదలయిందనీ కాదు. దశాబ్దాల పోరాటానికి ఆ రోజును గుర్తుగా నిర్ణయించారు. రష్యాలో పాత కాలండరు పదమూడు రోజులు వెనుకబడి వుండబట్టి అక్టోబరు విప్లవాన్ని నవంబరు 7న జరుపుకోవలసి వచ్చింది. అందువల్ల విప్లవానికి వచ్చిన లోటేమీ లేదు. మన విషయంలోనూ అంతే. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15 రాత్రి మరణించాడు. ఆ మరణానికీ, దాని వెనుక నున్న నలభై యేండ్ల ఆందోళనకూ ప్రభుత్వం వేసిన దస్కతు అక్టోబరు 1. (2014లో తెలంగాణ వేరుపడిన తరువాత మిగిలిన రాష్ట్రానికి అవతరణ దినం అక్టోబరు ఒకటా, నవంబరు ఒకటా అని పెద్దలు తగవులాడుకున్నారు. 2019లో నవంబరు 1న ఉత్సవం జరిగింది. ఏ రోజున జరిపినా కరువు మండలాల సంఖ్య మారదు గనుక నాకా తగవులో ఆసక్తి లేదు.)

తేదీ అంటే దస్కతు. ఎవరో ఒక బల్ల ముందు కూర్చుని సంతకం చేసినచోట తేదీ పుడుతుంది. 1800 అక్టోబరు 12న నిజాము ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడూ అదే జరిగింది. దత్తమండలాలన్న పేరు ఆ సంతకంతోనే మాకు అంటుకున్నది. 1928 నవంబరులో నంద్యాల సభలో, అనంతపురంలో అధ్యాపకుడైన చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించేదాకా అదే మా గుర్తు. గ్రామాలన్నీ చేతులు మారిన ఆ దస్తావేజులో గ్రామస్థుని వేలిముద్ర ఒక్కటి లేదు.

ఇదే అక్టోబరు ఒకటికి మరొక లెక్క వున్నది. వాతావరణశాఖవారి పుస్తకంలో నైరుతి ఋతువు జూన్ 1న మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుంది. అక్టోబరు 1న ఈశాన్య ఋతువుకు కొత్త పుట తెరుస్తారు. సేద్యగాని లెక్కలో ఆ రోజు హస్త కార్తె. ఎర్రనేలలో వేరుశనగకు ఊడలు దిగి కాయ ఊరే కాలం. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపుతాయి, ఈశాన్య మేఘం మా దాకా వచ్చేసరికి ఉత్తచేతులతో వుంటుంది. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే చోట హస్తలో వాన తప్పితే అప్పటిదాకా పెట్టిన పెట్టుబడి భూమిలోనే వుండిపోతుంది. కాని ఫలానా రోజున కరువు వచ్చిందని యెవరూ చెప్పలేరు. వాన రాకపోవడం ఒకనాడు జరిగే పని కాదు. నిన్న రాలేదు, ఇవాళ రాలేదు, రేపు వస్తుందేమో!

మా కళాశాలలో విద్యార్థులు ప్రతిరోజూ నల్లబల్ల మీద ఆనాటి చారిత్రక ఘట్టాలు వ్రాస్తారు. ఒకసారి అక్టోబరు ఒకటినాడు పైన చెప్పినవన్నీ వ్రాసి దిద్దమని నన్ను పిలిచారు. రాయదుర్గం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె వెనుక నుంచి అడిగింది: "మా ఊర్లో సగం ఇండ్లకు బీగాలు పడినాయి సార్. జనమంతా బెంగుళూరికి పోయినారు. అది ఏ తేదీ కింద రాయాల?" ఎవరూ నవ్వలేదు. ఆ బల్ల మీద ఆమె ఊరికి చోటు లేదన్న సంగతి అందరికీ తెలిసిపోయింది.

ఆ ప్రశ్న నుంచే తుంగభద్రను చూడండి. ఆంధ్రరాష్ట్ర చట్టం 66వ సెక్షను కింద తుంగభద్ర బోర్డు ఏర్పడింది; ఆనకట్ట మైసూరులో వుండిపోయింది గనుక రెండు రాష్ట్రాల మధ్య నీటిని పంచడం దాని పని. ఎగువకాలువలో ఆంధ్రకు 32.5 టి.ఎం.సి.లని బచావత్ ట్రిబ్యునలు నిర్ణయించింది. అన్నిటికీ తేదీలున్నాయి, సంతకాలున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. దానికీ తేదీ వున్నది. మంత్రులు వచ్చారు, ఇంజనీర్లు వచ్చారు, పత్రికలు రోజూ వ్రాశాయి. ఎందుకు తెగింది, యెవరు చూసుకోలేదు అని అడగడం సాధ్యమయింది. కాని ఆ జలాశయం మొదట్లో దాదాపు 133 టి.ఎం.సి.లు పట్టేది, ఇప్పుడు దాదాపు 105 పడుతున్నది. తక్కినచోటు పూడిక మింగింది. ఎగువకాలువలో ఆంధ్రకు నిర్ణయించిన వాటాతో ఇంచుమించు తూగే చోటది! అది పోయిన రాత్రి యేది? ఏ మంత్రి రావాలి? ఏడు దశాబ్దాలుగా ప్రతి వరదకూ కొంచెం కొంచెం పోయింది కాబట్టి యెవరూ పోగొట్టలేదన్నట్టే వున్నది.

ఇది కొత్త సంగతి కాదు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. మద్రాసు గవర్నరు కూడ ఆ దర్బారుకు వెళ్ళాడు. ఆ సమయంలో మద్రాసు రాజధానిలో, అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగమైన మా తాలూకాలతో సహా, జనం ఆకలితో చస్తున్నారు. కొద్దివారాలకే రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యమూ, కొంత చిల్లరా చేశాడు. అది మనిషి ప్రాణం నిలుపుకొనడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించాడు. ఆ మేలో కూలి పెంచవలసి వచ్చింది. దర్బారుకు తేదీ వున్నది. టెంపుల్ ఉత్తరువుకూ వున్నది, దాన్ని పట్టుకొనే ఇవాళ అతనిని వేలెత్తి చూపుతున్నాము. గుత్తి తాలూకాలోనో, పెనుకొండ తాలూకాలోనో రాళ్ళు కొడుతూ కూలిపోయినవాని మరణానికి మాత్రం కరువు అన్న పేరే మిగిలింది. దానికి సంతకం చేసినవాడు లేడు, గనుక నేరస్థుడూ లేడు.

ఇక్కడ మన మిత్రులలో కొందరు ఆక్షేపిస్తారు. తేదీల చరిత్ర రాజుల చరిత్ర, ప్రజల చరిత్ర దీర్ఘప్రవాహం, దానిని దినాలుగా కత్తిరించడం భౌతికవాద దృష్టికి విరుద్ధం అని వారి వాదం. వినడానికి బాగుంది. కాని ఈ వాదం వల్ల మేలు పొందేవాడు యెవడో ఆలోచించారా? తేదీ లేనిచోట బాధ్యుడు వుండడు. బాధ్యుడు లేనిచోట విధి వచ్చి కూర్చుంటుంది. "మా కర్మ యిట్లుంది" అని రైతు అంటాడు, "ప్రకృతి వైపరీత్యం" అని కాగితం అంటుంది. రెండూ ఒకే మాట. దీర్ఘప్రవాహమన్న మన పెద్దమాట కూడ జాగ్రత్తపడకపోతే ఆ వరసలోనే చేరుతుంది.

మరి వడ్డీవ్యాపారి చూడండి, అతనికి దీర్ఘప్రవాహాలతో పని లేదు. రైతు యేనాడు అప్పులపాలయ్యాడో రైతుకు తెలియదు. ప్రోనోటు మీద మాత్రం తేదీ స్పష్టంగా వుంటుంది. మూడేండ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది గనుక, దాటకముందే అసలూ వడ్డీ కలిపి కొత్తనోటు వ్రాయించుకుంటాడు. తన బాకీకి కాలదోషం పట్టకుండా అతడు చూసుకున్నంత శ్రద్ధగా, సమాజం ఈ పీఠభూమికి పడిన బాకీని మనం తిరగవ్రాసుకుంటున్నామా? వర్ధంతులకు పూలదండలు వేయడం తిరగవ్రాయడం కాదు. అది ఆబ్దికం, పెట్టినవానికి పుణ్యం, పితరులకు పిండం, మళ్ళీ సంవత్సరం దాకా మరపు.

కరువుకు తేదీ అసాధ్యమన్నమాట కూడ సత్యం కాదు. ప్రభుత్వానికి అవసరమైనప్పుడు తేదీ పుడుతూనే వున్నది. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువలు ఖరీఫు కరువును అక్టోబరు తీరేలోపల ప్రకటించాలంటుంది. ఆ గడువు దాటిపోతే చేనులో ఎండిన మొక్క ఎండిందని కాగితం మీద రుజువు కాదు. తేదీ మన చేతిలో లేనప్పుడు అది మన మీదనే ప్రయోగమవుతున్నది.

ఇంకొక పుస్తకం వున్నది. మండల కేంద్రంలో వర్షమాపకం దగ్గర ప్రతిరోజు ఉదయం 8.30కి కొలత తీసి రిజిస్టరులో వ్రాస్తారు. వాన పడని రోజుకూ అందులో ఒక వరస వున్నది, సున్నా వేయాలి. పడనిదాన్ని కూడ తేదీ వేసి నమోదుచేసే పుస్తకం అదొక్కటే నేనెరిగినంతలో. పోయిన విద్యాసంవత్సరం మూడవ తరగతి విద్యార్థులను పదేండ్ల రిజిస్టరుకు నకలు తీసుకురమ్మన్నాను. ఆ అమ్మాయి నకలు చేసిన కాగితాలు పట్టుకొని తన ఊరిలో బీగాలు పడిన ఇండ్ల పక్కనున్నవారిని అడుగుతూ తిరుగుతున్నది. ఎవరూ తారీఖు చెప్పరు. "సెనిక్కాయ మొత్తం పోయినేడు" అంటారు. "పీర్ల పండగకు ముందు వారం" అంటారు. పీర్ల పండుగ యేటేటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఆ యేడు అది యే నెలలో వచ్చిందో పాత కాలండర్లు వెతికి, రిజిస్టరులో ఆ వారానికి ముందు ఎన్ని సున్నాలున్నాయో ఆమె లెక్క వేస్తున్నది. ఇప్పటికి పదకొండు ఇండ్లు తేలాయి.