తుపాను వేళ జూదశాల తలుపులు

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికాలోని మిసిసిపీ తీరమును కొట్టినప్పుడు, బిలాక్సీ పట్టణమున నీటిమీద తేలుచుండిన కాసినోలు కొన్ని కట్లు తెంచుకొని గట్టుమీదికి వచ్చి పడినవి. ఇది దేవుని తీర్పని కొందరు అనవచ్చును. అట్లనుటకు మాకు నోరు రాదు. అదే ఉప్పెన ఆ తీరమందలి దేవాలయములనుగూడ కూల్చినది.

ఆ జూదశాలలు నీటిమీద ఏల ఉండెను? 1990లో జూదమునకు అనుమతినిచ్చిన శాసనము, తీరమున అది నీటిమీదనే జరుగవలెనని విధించెను. రాబడి కావలెను, జూదము మాత్రము నేలను తాకరాదు! పిలాతు చేతులు కడుగుకొన్నట్లే యున్నది. ఆ కడుగుకొన్న చేతుల వలని కష్టము ఎవరిమీద పడెను? పేకముక్కలు పంచువారిమీద, వంటవారిమీద, గదులు ఊడ్చువారిమీద. వేలమందికి పని పోయెను. ఆ అక్టోబరులోనే శాసనమును మార్చి, నీటి అంచునుండి 800 అడుగుల లోపల నేలమీద కట్టుకొననిచ్చిరి.

తుపాను రాకముందే వాటిని మూయించిరి, అది మేలే. మూయుటకు ఒక క్రమమున్నది: ఆటగాండ్రను పంపివేయుట, పందెపు బిళ్లలను రొక్కమును లెక్కించుట, తాళములు వేయుట, కావలివారిని నిలుపుట. (ఆ లెక్కల శ్రద్ధను మన సంఘముల కోశాధికారులు చూచిన బాగుండును.) అయితే మేము అడుగునది వేరు. లెక్క తేలువరకు నిలిచియుండవలసినవారెవరు? మూసియున్న దినములకు వారికి జీతమున్నదా? జూదమును మేము మెచ్చము. మెచ్చనిచోట పనిచేయు తల్లి పిల్లలతో మెరకకు చేరినదా లేదా అని అడుగుట మన పని కాదని ఎవరనగలరు? ఆఖరి పెట్టెకు తాళము వేసి బయటికి వచ్చిన మనుష్యునికి, ఊరు దాటుటకు బస్సు ఇంకను ఉన్నదా?