పాట ఎక్కడుంది?

మా ఇంట్లో నాన్నగారు కొన్న గ్రామఫోను ప్లేట్లు ఒక పెట్టెడు ఉండేవి. పద్యనాటకాలు, హరికథలు, గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాటలు. తర్వాత బెజవాడ పాత సామాన్ల కొట్లలో వెతికి నేనూ కొన్ని చేర్చాను. అవి లక్కతో చేసిన ప్లేట్లు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. ఒక్కో పక్క మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పాట. ఉక్కు ముల్లు నడిచిన ప్రతిసారీ గాడి కొంచెం అరుగుతుంది. ఆ భయంతో మంచి ప్లేట్లు వినడం మానేసి బీరువా కింది అరలో దాచాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. వయసులో ‘పాండవోద్యోగ విజయాలు’లో వేషం కట్టినవారు. “బాబూ, ఆ రాయబారం పద్యాల ప్లేటు ఒక్కసారి వినిపిస్తావా?” అని రెండుసార్లు అడిగారు. “ముల్లు బాలేదండీ, మార్చాక చెబుతాను” అన్నాను. ముల్లు బాగానే ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ చలికాలంలోనే పోయారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక చూస్తే ప్లేట్లు చాలావరకు నిలిచాయి గానీ, మధ్యలో అంటించిన కాగితాలు ఊడిపోయాయి. కడిగి ఆరబెడితే అన్నీ ఒకటే నలుపు. ఏది ఎవరి గొంతో తెలియాలంటే పెట్టి వినడమే దారి. అలా ఎన్నో ఏళ్ల తర్వాత విన్నాను. ఒకదాంట్లో రాయబారం పద్యం వచ్చింది. వినవలసినాయన లేరు.

సంయుక్త నికాయంలో వీణ ఉపమానం ఉంది. వీణానాదం విని మురిసిన రాజు, ఆ నాదాన్నే తెమ్మంటాడు. వీణను తెస్తారు. దాన్ని ముక్కలు చేసి, కాల్చి, బూడిద చేసినా నాదం దొరకదు. కర్ర, తీగలు, వాయించేవాడి ప్రయత్నం కలిసినప్పుడే నాదం పుడుతుంది. నేనూ ఆ రాజు లాంటివాణ్ణే. ప్లేటును దాచి, పాటను దాచాననుకున్నాను.

మరి ప్లేట్లు సేకరించడం తప్పా? ఉపోసథం రోజున అష్టశీలాలు పాటించేవారు సంగీతానికి దూరంగా ఉంటారు. మిగతా రోజుల్లో గృహస్థుడికి పాట నిషిద్ధం కాదు. చెవికి శబ్దం తగిలితే స్పర్శ, దానివల్ల వేదన, అంటే అనుభూతి. అంతవరకూ సహజం. వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి ఉపాదానం, అంటే పట్టుకోవడం. అక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. పట్టు ఎంత బిగిసిందో బీరువాలో ఎన్ని ప్లేట్లున్నాయో లెక్కపెడితే తెలియదు. ఎవరైనా వచ్చి అడిగినప్పుడు తెలుస్తుంది. నాలో ముందు లేచింది మచ్ఛరియ, అంటే పిసినారితనం. ఆ వెంటనే నోట అబద్ధం వచ్చింది. మూడు నిమిషాల పాట కోసం నాలుగో శీలం తప్పాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం ప్లేట్లు బయట పెడుతున్నాను. అడిగినవారికి అడిగింది వేస్తున్నాను. అరిగితే అరుగుతుంది. పెద్దాయనకు చేసిన లోటు దీంతో తీరదు, అది తెలుసు.

మీరు భద్రంగా దాచుకున్నదాన్ని ఈసారి ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేముందు ఒక్క శ్వాస ఆగండి. మనసులో ముందుగా ఏం కదిలిందో చూడండి.