ఆరు గంటల ఆరోగ్యం

తెలుగులో "జ్వరం తగ్గింది" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, థర్మామీటర్‌లో అంకె కిందికి దిగింది అని. రెండోది, రోగం నయమైంది అని. మామూలు మాటల్లో ఈ రెంటినీ ఎవరూ విడదీసి చూడరు. "ఎలా ఉంది, తగ్గిందా?" అని ఫోన్లో అడుగుతారు. "డోలో వేసుకుంటే తగ్గింది" అంటాం. అడిగినవాళ్ళు రెండో అర్థంలో అడిగారు, మనం మొదటి అర్థంలో జవాబు చెప్పాం. ఇద్దరం తృప్తిపడి వేరే విషయంలోకి వెళ్ళిపోతాం. వారం రోజులుగా విడవని జ్వరాన్ని మందుల షాపు బిళ్ళలతో నెట్టుకొచ్చే అలవాటంతా ఈ రెండర్థాల మధ్య ఉన్న సందులోనే బతుకుతోందని నాకనిపిస్తుంది.

ఇది డాక్టర్ల విషయం కదా, ఇందులో నీతి ప్రశ్న ఏముంది అనవచ్చు. ఏ బిళ్ళ ఎన్ని గంటలకోసారి అనేది డాక్టర్ల విషయమే. కానీ బిళ్ళ వల్ల దొరికిన ఆ ఐదారు గంటల తేలికని ఏం చెయ్యాలి, దాన్ని ఎవరు ఖర్చు పెట్టుకుంటారు, దాన్ని చూపించి మనం ఎవరికి ఏం చెబుతున్నాం? ఈ ప్రశ్నలకి ప్రిస్క్రిప్షన్‌లో జవాబు దొరకదు.

ముందు ఆ రెండర్థాల సంగతి చూద్దాం. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. విల్లో చెట్టు బెరడు నోట్లో పెట్టుకుంటే, పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడు లాగే చేదుగా ఉందట. సింకోనా అప్పటికే చలిజ్వరానికి పేరుమోసిన మందు, ఖరీదైన మందు. విల్లో ఊళ్ళోనే దొరుకుతుంది. దాన్ని ఎండబెట్టి, పొడిచేసి, యాభై మందికి దాకా ఇచ్చి చూశాడు. జ్వరాలు తగ్గాయని రాశాడు. రెండూ చేదే, రెంటితోనూ జ్వరం తగ్గుతోంది. కానీ సింకోనాలో ఉన్న క్వినైన్ మలేరియా క్రిమిని చంపుతుంది. విల్లోలో ఉన్నది తర్వాత ఆస్పిరిన్‌కి దారితీసిన పదార్థం. అది వేడిని దించుతుంది, క్రిమి జోలికి పోదు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ళకి ఈ తేడా తెలిసే వీల్లేదు. ఆ క్రిమిని మనిషి రక్తంలో లావెరన్ చూసింది 1880లో. దోమ పొట్టలో దాన్ని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో పట్టుకున్నది 1897లో. అంతవరకూ "తగ్గింది" అనే మాటకి రెండర్థాలు కలిసిపోయి ఉండటంలో ఎవరి తప్పూ లేదు. ఇప్పుడు తేడా తెలుసు. అయినా మనం స్టోన్ కాలపు మనుషుల్లాగే మాట్లాడుతున్నాం.

పారాసెటమాల్ చేసే పని కూడా విల్లో పనిలాంటిదే. క్రిమి ఒంట్లో చేరినప్పుడు మెదడులోని హైపోథలామస్ శరీరం ఉండాల్సిన వేడిని పైకి జరుపుతుంది. 98.6 చాలదు, 102 కావాలంటుంది. అందుకే ఒళ్ళు కాలిపోతున్నా చలేస్తుంది, దుప్పటి కావాలనిపిస్తుంది. కొత్త లెక్క ప్రకారం మనమింకా చల్లగానే ఉన్నాం మరి. ఈ కబురు మోసేది ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం. బిళ్ళ దాని తయారీకి అడ్డం పడుతుంది. లెక్క మళ్ళీ కిందికి దిగుతుంది, చెమట పడుతుంది, ప్రాణం తెరిపిన పడుతుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లో మందు పని అయిపోతుంది. జ్వరానికి కారణం అలాగే ఉంటే కబురు మళ్ళీ బయల్దేరుతుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దీనికి ఒక పోలిక వెంటనే తడుతుంది. సర్వర్‌లో ఏదో తేడా జరుగుతోందని అలర్టులు వస్తుంటే, తేడా ఏమిటో వెతక్కుండా అలర్టుల్ని మ్యూట్ చెయ్యడం. వినడానికి బాగుంటుంది కానీ ఈ పోలిక సరిపోదు. అలర్టు దానికదే దేన్నీ బాగుచెయ్యదు. జ్వరం అలా కాదు. 1975లో మాథ్యూ క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగ్వానాల మీద ఒక ప్రయోగం చేశారు. ఈ బల్లులు సొంతంగా ఒళ్ళు వేడి చేసుకోలేవు, చుట్టూ ఎంత వేడి ఉంటే అంతే. వాటికి బాక్టీరియా ఎక్కించి, కొన్నిటిని వేడిచోట, కొన్నిటిని చల్లనిచోట ఉంచారు. వేడిలో ఉన్నవి ఎక్కువగా బతికాయి, చల్లదనంలో ఉన్నవి ఎక్కువగా చచ్చిపోయాయి. అంటే గంట కొట్టేదీ మంటలార్పేదీ ఒకటే.

ఇక్కడినుంచి ఇంకో మూలకి పోయేవాళ్ళూ ఉన్నారు. జ్వరం ప్రకృతి పని, దాన్ని ఆపకూడదు, బిళ్ళ వేసుకోవడం బలహీనత అంటారు. "లంఖణం పరమౌషధం" అని సామెత కూడా గుర్తు చేస్తారు. నాకు ఈ వాదం మీద నమ్మకం లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో ఇన్ఫెక్షన్‌తో జ్వరం వచ్చిన 700 మంది మీద జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. కొందరికి పారాసెటమాల్, కొందరికి ఉత్త మందు ఇచ్చారు. ఐసీయూ అవసరం లేకుండా బతికి ఉన్న రోజుల్లో రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బల్లికి నిజమైంది మనిషికీ అంతే నిజం కానక్కర్లేదు. పిల్లల డాక్టర్లు కూడా అంకెని చూసి కాకుండా, బిడ్డ పడే బాధని చూసి మందు వెయ్యమంటారు. నొప్పి ఓర్చుకోవడంలో పుణ్యమేమీ లేదు. తల పగిలిపోతున్నప్పుడు బిళ్ళ వేసుకుని నిద్రపోవడం మన ఒంటి మీద మనం చూపించే దయ.

నా అభ్యంతరం ఆ దయ మీద కాదు. బిళ్ళ అదే అయినా వేసుకోవడంలో రెండు రకాలున్నాయి. పడుకోవడానికి వేసుకోవడం ఒకటి, లేచి తిరగడానికి వేసుకోవడం ఇంకొకటి. మొదటిదాంట్లో తేలికదనం ఒంటికే దక్కుతుంది. రెండోదాంట్లో ఒంటికి వచ్చిన తేలికని వెంటనే ఇంకెవరికో కట్టేస్తాం, మీటింగుకో, డెలివరీకో, పెళ్ళి భోజనానికో. పైగా అక్కడ మన నిలబడ్డ మనిషి రూపం ఒక సాక్ష్యం చెబుతుంది, "నేను బాగానే ఉన్నాను" అని. ఆ సాక్ష్యం ఆరు గంటలపాటే నిజం, అదీ మొదటి అర్థంలోనే.

వానాకాలం వస్తే మా టీమ్ చాట్‌లో ఒకే వాక్యం మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. "ఫీవర్‌గా ఉంది, టాబ్లెట్ వేసుకున్నా, ఆన్‌లైన్‌లో ఉంటా." దానికింద బొటనవేళ్ళు, "టేక్ కేర్"లు. సెలవు పెట్టమని ఎవరైనా అంటే, "పర్లేదు, తగ్గింది" అని జవాబు. ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టడం లేదు. మా సిక్ లీవులు ఏడాది చివర మిగిలిపోతాయి కూడా. కానీ బిళ్ళ ఉందన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి, జ్వరం సెలవుకి కారణం కాకుండా పోతోంది. బిళ్ళ లేని రోజుల్లో పడుకోవడం గత్యంతరం. ఇప్పుడది ఇష్టం. ఇష్టం అయినదానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆ సాక్ష్యం మన ఒక్కరి వ్యవహారమే అయితే ఎవరి ఖర్మ వాళ్ళది అనుకోవచ్చు. అది కాదని 2020లో తేలిపోయింది. అప్పుడు గుమ్మం గుమ్మం దగ్గరా నుదుటికి గురిపెట్టే థర్మామీటర్ తుపాకీలు ఉండేవి. బిళ్ళ వేసుకున్నవాడిని ఆ తుపాకీ పట్టుకోలేదు. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు మందుల షాపులకి ఒక ఆదేశం ఇచ్చాయి. జ్వరానికీ, జలుబుకీ, దగ్గుకీ మందు కొనేవాళ్ళ పేరూ ఫోన్ నంబరూ రాసిపెట్టమని. రెండు రూపాయల బిళ్ళ కొన్నవాడి వివరాలు ప్రభుత్వానికి ఎందుకు? ఆ బిళ్ళ ఒక మనిషి జ్వరాన్ని మిగతావాళ్ళకి కనపడకుండా చేస్తుంది కనుక. పేర్లు రాయించడం సరైన పద్ధతేనా అనేది వేరే చర్చ. భయంతో కొనకుండా ఉండిపోయేవాళ్ళూ ఉంటారు. కానీ ఆ ఆదేశం వెనకున్న గ్రహింపు మాత్రం సరైనదే. మాస్కు లేకుండా జ్వరంతో ఆఫీసు లిఫ్టులో నిలబడ్డవాడు పక్కవాళ్ళ తరఫున కూడా ఒక నిర్ణయం తీసుకుంటున్నాడు, వాళ్ళని అడక్కుండా.

అయితే నీతి మాట్లాడేటప్పుడు ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోవాలి. అడ్డా మీద కూలికి నిలబడే మనిషికీ, పార్సిల్ మోసే కుర్రాడికీ, నాలుగిళ్ళలో పనిచేసే ఆవిడకీ "పడుకో" అని చెప్పడం తేలిక. పడుకుంటే ఆ రోజు డబ్బు లేదు. వాళ్ళు మందుల షాపుకెళ్ళి "జ్వరం, ఒళ్ళు నొప్పులు" అంటే, రంగురంగుల బిళ్ళలు ఓ కాగితంలో చుట్టి "సెట్" అని ఇస్తారు. అందులో పారాసెటమాల్ ఒక్కటే ఉందో, డైక్లోఫెనాక్ కూడా ఉందో, స్టెరాయిడ్ ఉందో కాగితం చెప్పదు. అవి పనిచేస్తాయి. ఆ రోజు కూలి దక్కుతుంది. ఆ మనిషి చెప్పిన అబద్ధ సాక్ష్యానికి బాధ్యత సాక్ష్యం అడిగినవాళ్ళదే. మన దేశంలో 1948లోనే ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఈఎస్ఐ కింద చందా కట్టిన కార్మికుడు జబ్బుపడితే జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా భత్యం వస్తుంది. జ్వరం వచ్చినవాడికి పడుకునే హక్కుంది అని ఈ దేశం ఎప్పుడో ఒప్పుకుందన్నమాట. చందా లెక్కలోకి రాని కోట్లమందికి ఆ హక్కు స్థానంలో బిళ్ళ ఉంది. సెలవున్న మనం దాన్ని వాడుకోకుండా బిళ్ళతో లేచి నిలబడితే, సెలవు లేనివాళ్ళు సెలవు అడగడం ఇంకొంచెం కష్టమవుతుంది.

విడవని జ్వరం దగ్గర ఇంకో చిక్కుంది. జ్వరం అర్థం ఆ పూట అంకెలో కంటే అది ఎన్నాళ్ళుగా ఉందన్నదాంట్లో ఎక్కువ ఉంటుంది. డెంగీలో జ్వరం మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనించి రక్తం, మగత కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన ఒకటి రెండు రోజులవి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో వద్దనడానికి కారణం కూడా రక్తస్రావం భయమే. రెండు వారాలు దాటిన జ్వరానికి టీబీ పరీక్ష చేయించాలంటుంది మన టీబీ కార్యక్రమం. కారణం తెలియని జ్వరం అనే మాటకి 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ ఇచ్చిన నిర్వచనంలో మూడు వారాలన్న గడువే ఒక మూలస్తంభం. వీటన్నిటికీ రోజుల లెక్క కావాలి.

ఆరు గంటలకో బిళ్ళ ఆ లెక్కనే చెరిపేస్తుంది. ప్రతి బిళ్ళతోనూ జ్వరం "తగ్గుతుంది", ఆరు గంటల తర్వాత కొత్తగా "వస్తుంది". పది రోజుల జ్వరం ఒక్కటి కాస్తా నలభై చిన్న జ్వరాలైపోతుంది. వాటిలో ఏ ఒక్కటీ డాక్టర్ దగ్గరికి వెళ్ళేంత పెద్దది కాదు. బిళ్ళల లెక్క కూడా అలాగే తప్పుతుంది. పెద్దవాళ్ళకి పారాసెటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు. జలుబు బిళ్ళల్లోనూ ఒళ్ళునొప్పుల బిళ్ళల్లోనూ ఉండేది తరచుగా అదే. మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం, అదీ మొదటిరోజు పెద్దగా చప్పుడు చెయ్యకుండా.

పాత ఇళ్ళలో లంఖణం, ఆ తర్వాత పథ్యం ఉండేవి. పస్తులుంచడాన్ని నేను సమర్థించను. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి లంఖణం దొరికేదేమో గానీ మంచం దొరికేది కాదని కూడా తెలుసు. కానీ ఆ పద్ధతిలో ఒక మంచి ఉండేది. జ్వరం ఎన్నో రోజో ఇంట్లో అందరికీ తెలిసేది. చారన్నమో బీరకాయ కూరో పెట్టి పథ్యం చెప్పిన రోజుదాకా రోగం ఉన్నట్టే లెక్క, మధ్యలో ఒళ్ళు చల్లబడ్డా సరే. "తగ్గింది" అనే మాట రెండో అర్థంలో అనడానికి ఓ పెద్దమనిషి ఉండేది.

ఆ పెద్దమనిషి ఇప్పుడు మన గదుల్లో లేదు. రూమ్మేటో, సహోద్యోగో, ఫోన్లో అమ్మో ఉన్నారు. డాక్టర్లు మొదట అడిగే ప్రశ్న వాళ్ళూ అడగవచ్చు. తగ్గిందా అని కాకుండా, ఎన్నాళ్ళనించి అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే రోజులు వెనక్కి లెక్కపెట్టుకోవాలి. లెక్కపెట్టుకుంటూ ఉంటే, చాలాసార్లు, చెయ్యాల్సిందేమిటో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు.