మేలు రకం ఎవరికి మేలు?



మొన్న ఒక ఆదివారం పూజ ముగిశాక మా విచారణ యువకుడొకడు గుడి మెట్ల దగ్గర నా కోసం ఆగాడు. వ్యవసాయ కళాశాలలో చదువుతున్నాడు. "ఫాదర్, మాకు క్లాసులో చెట్ల క్లోనింగ్ గురించీ, జన్యు మార్పిడి గురించీ చెప్పారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా నాయనమ్మ ఒప్పుకోలేదు. దేవుడు చేసిన చెట్టును దిద్దడానికి మీరెవర్రా అంటోంది. మాలో ఎవరిది సరి?" అని అడిగాడు.

మెట్ల మీద నిలబడి రెండు మాటల్లో తేల్చే ప్రశ్న కాదిది. పైగా అది నన్ను నా పాత పొరపాటు ఒకదాని దగ్గరకు తీసుకుపోయింది. అందుకే ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ముందు నాయనమ్మ మాట చూద్దాం. ఆమె పెరట్లో బంగినపల్లి మామిడి ఉంది. అది టెంక నాటితే వచ్చిన చెట్టు కాదు, అంటు. టెంక నాటితే తల్లి గుణమే వస్తుందన్న భరోసా లేదు. పులుపో పీచో ఏదైనా రావచ్చు. అందుకే మన పెద్దలు తల్లిచెట్టు కొమ్మను తెచ్చి వేరే మొక్కకు అంటుకట్టారు. అలా చూస్తే ఈ వేసవిలో మనం తిన్న బంగినపల్లి పండ్లన్నీ ఎప్పటిదో ఒక చెట్టు తాలూకు కొమ్మల నుంచే వచ్చాయి. క్లోన్ అన్న పేరు కొత్తదే గాని, పని పాతది. అంటుకట్టడం బైబిలుకు కూడా తెలుసు. పునీత పౌలుగారు రోమీయులకు రాస్తూ ఓలివ చెట్టు అంటునే ఉపమానంగా తీసుకున్నారు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు ఒక సంగతి నేర్పారు. మనిషి నేర్పు కొన్నిచోట్ల ప్రకృతిని అనుకరిస్తుందనీ, కొన్నిచోట్ల ప్రకృతి ముగించలేని పనిని ముగిస్తుందనీ అరిస్టాటిల్ అభిప్రాయం. పునీత తోమస్ అక్వినాస్ ఇంకో అడుగు ముందుకు వేశారు. దేవుడు సృష్టిని పాలించడంలో సృష్టి జీవులకు కూడా పాలు ఇచ్చాడనీ, అది ఆయనకు శక్తి చాలక కాదు, తన మంచితనం కొద్దీ వాటికి ఇచ్చిన గౌరవమనీ అన్నారు. కాబట్టి చెట్టు మీద మనిషి చెయ్యి పడినంత మాత్రాన అది పాపం కాదు. నాయనమ్మ భయాన్ని గౌరవిద్దాం, కాని ఆమె పెరటి మామిడే ఆమెకు సగం జవాబు చెబుతోంది.

ఇక మనవడి చదువు. వరిలో కొత్త రకం తేవాలంటే పంట నాలుగు నెలల్లో చేతికొస్తుంది, మళ్ళీ విత్తవచ్చు. చెట్టు అలా కాదు. దాని గుణం తెలియాలంటే ఏళ్ళు ఆగాలి. గింజతో పెంచిన తోటలో ఒక చెట్టు నిటారుగా పోతే పక్కది వంకర పోతుంది, ఇంకొకటి ఎదగనే ఎదగదు. అందుకని పరిశోధకులు తోటల్లో తిరిగి అన్నిటికన్నా మేలైన చెట్టును ఎంచి, దాన్ని నరుకుతారు. మోడు నుంచి వచ్చిన లేత పిలకలను చిన్న ముక్కలుగా కత్తిరించి, అడుగున వేళ్ళు పుట్టించే మందు అద్ది, మంచులా నీటి తుంపర పడే గదుల్లో ఉంచుతారు. కొన్ని వారాల్లో వేళ్ళు వస్తాయి. ఒక్క చెట్టు వేల మొక్కలవుతుంది. టేకు వంటి చెట్లకు ఇంకో దారి ఉంది. మొగ్గలోని చిన్న ముక్కను సీసాలో పోషక పదార్థం మీద పెంచే టిష్యూ కల్చర్ అది. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1980లోనే టేకును ఆ విధంగా పెంచి చూపారు.

మన జామాయిల్ సంగతి మీకు తెలిసిందే. భద్రాచలం దగ్గర సారపాక కాగితపు మిల్లువారు 1989లో జామాయిల్ క్లోన్ల పరిశోధన మొదలుపెట్టారు. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం రైతులకు 'భద్రాచలం క్లోన్లు' అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. గింజ మొక్కల తోటతో పోలిస్తే రెండు మూడింతల కలప. నాలుగేళ్ళకు కోత. కోశాక మోడు మళ్ళీ చిగురించి ఇంకో కోతకు వస్తుంది. నీరు సరిగా అందని నేలల్లో అప్పులపాలైన ఎందరో రైతులకు అది ఊపిరి పోసింది. ఆ మేలును కాదనడం అన్యాయం.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. సుమారు పదిహేనేళ్ళ కిందట నేను ఖమ్మం వైపు ఒక విచారణలో ఉన్నాను. గుడికి నాలుగెకరాల పొలం ఉండేది. దాన్ని కౌలుకు తీసుకున్న రైతు మిర్చి వేసేవాడు. కౌలు సరిగా వచ్చేది కాదు, గుడికి ప్రహరీ లేదు. నేను లెక్క వేశాను. జామాయిల్ క్లోన్లు పెడితే నాలుగేళ్ళలో గోడకు సరిపడా డబ్బు వస్తుంది, ఎవరి వెంటా పడనక్కరలేదు. విచారణ సంఘం సరేనంది. మొక్కలు తెచ్చి నాటించాం. అన్నీ ఒకే ఎత్తున, ఒకే తీరుగా లేస్తుంటే చూసి మురిసిపోయాను.

ఆ ఏడు సంక్రాంతి దాటాక పేటలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి. "ఫాదరుగారూ, చెట్లు బాగా పెరుగుతున్నయి. మరి మేమెక్కడికి పోవాలె?" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. ఆ పొలంలో మిర్చి ఉన్నప్పుడు నాటు, కలుపు, తరవాత నెలల తరబడి కాయ ఏరుడు. పేటలో ఇరవై కుటుంబాల ఆడవాళ్ళకు నడిచి వెళ్ళేంత దూరంలో కూలి దొరికేది. జామాయిల్‌కు నాటిన నాలుగు రోజులే పని. కోతకు వచ్చే ముఠాను కొనే ఆసామే బయటి నుంచి తెచ్చుకుంటాడు. చుట్టుపక్కల రైతులు కూడా ఒకరిని చూసి ఒకరు అదే వేశారు. ఇప్పుడు వాళ్ళు తెల్లవారక ముందే ఆటో ఎక్కి వేరే మండలానికి పోవలసి వస్తోంది. పిల్లలను బడికి పంపే దిక్కు ఇంట్లో ఉండడం లేదు.

ఆమె నన్ను నిందించలేదు. అడిగింది, అంతే. కాని నేను వేసిన లెక్కలో కౌలు ఉంది, గోడ ఉంది, కలప ధర ఉంది, ఆమె లేదు. పూజలో అప్పం చేతికిచ్చే నేనే ఆమె అన్నం గురించి ఆలోచించలేదు.

ఆలోచించండి. 'మేలు' అన్నది ఒంటరిగా నిలబడే మాట కాదు. మేలు రకం అనగానే, దేనికి మేలు, ఎవరికి మేలు అన్న ప్రశ్న దాని వెనకే రావాలి. మంచి కత్తి అంటే బాగా తెగేది. కాని అది ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. నిటారైన మాను, పలచని బెరడు, తొందర పెరుగుదల కాగితపు గుజ్జుకు మేలు. కూలివాడికి, పక్క పొలం బావికి, పదేళ్ళ తరువాత ఆ నేల దున్నేవాడికి మేలా అన్నది ప్రయోగశాల ఒక్కటే చెప్పలేదు. అది అబద్ధం చెప్పినట్టు కాదు. ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు.

ఒకే రకం మీద ఆశ పెట్టుకుంటే ఇంకో చిక్కు కూడా ఉంది. 2000 తరువాత కొన్నేళ్ళలోనే ఆస్ట్రేలియాకు చెందిన ఒక చిన్న కందిరీగ జాతి పురుగు మన దేశపు జామాయిల్ తోటల్లో కనిపించింది. పొడవు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. లేత కొమ్మల్లో, ఆకు ఈనెల్లో గుడ్లు పెడితే అక్కడ బుడిపెలు లేచి మొక్క గిడసబారుతుంది. కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, కొన్ని తట్టుకోలేదు. తట్టుకోలేని క్లోన్ ఒక్కటే వేసిన రైతుకు తోటంతా ఒకేసారి దెబ్బతింది. అన్నీ ఒకే చెట్టయినప్పుడు బలం ఒకటే, బలహీనతా ఒకటే. గింజ మొక్కల తోటలో వంకర చెట్ల మధ్య ఎక్కడో ఒక గట్టి చెట్టు మిగిలేది.

ఇక జన్యు మార్పిడి. దీనికి అమెరికాలోని చెస్ట్‌నట్ చెట్టు కథ చెప్పాలి. తూర్పు కొండల్లో పేదలకు అది తిండి, కలప కూడా. ఆసియా నుంచి చేరిన ఒక బూజు తెగులును 1904లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలోని చెట్ల మీద గుర్తించారు. సుమారు యాభై ఏళ్ళలో 300 కోట్ల నుంచి 400 కోట్ల చెట్లు పోయాయి. ఈనాటికీ పాత వేళ్ళ నుంచి పిలకలు వస్తాయి, కొంత ఎదిగి మళ్ళీ తెగులుకు చస్తాయి. సిరాక్యూస్‌లోని అటవీ కళాశాలలో విలియం పవెల్, చార్లెస్ మేనార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి శ్రమించి గోధుమలోని ఒక జన్యువును ఆ చెట్టులో చేర్చారు. అది బూజును చంపదు. బూజు విడిచే ఆమ్లాన్ని విరిచేస్తుంది, అంతే. అక్కడ మనిషి చెయ్యి వేసింది త్వరగా నరుక్కోవడానికి కాదు, పోయినదాన్ని మనవల కాలానికైనా తిరిగి నిలబెట్టడానికి.

అయితే 2023 డిసెంబరులో ఒక సంగతి బయటపడింది. ఏళ్ళుగా పరీక్షిస్తున్న మొక్కలు అనుకున్న రకానివి కావు. ఎక్కడో పొరపాటున ఇంకో రకం కలిసిపోయింది. వాటి ఎదుగుదల కూడా ఆశించినట్టు లేదు. అంతకాలం ఆ ప్రయత్నానికి అండగా నిలిచిన చెస్ట్‌నట్ సంస్థ ఈ విషయం బహిరంగంగా చెప్పి తన మద్దతు వెనక్కి తీసుకుంది. కళాశాల మాత్రం ఆ చెట్టు ఇప్పటికీ పనికొస్తుందని తన దరఖాస్తు కొనసాగించింది. ఎవరిది సరి అని తీర్పు చెప్పడం నా పని కాదు. కాని అంత ఖర్చు, అంత ఆశ పెట్టుకున్నాక కూడా "పొరపాటు జరిగింది" అని పదిమందిలో చెప్పడం తేలిక కాదు. చెట్టును మార్చే చేతికి ఆ నిజాయితీ ఉండాలి.

పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో సృష్టి సంరక్షణ మీద రాసిన విశ్వలేఖలో, జన్యు మార్పిడి మీద అన్నిటికీ కలిపి ఒకే తీర్పు చెప్పడం కష్టమన్నారు. దేనికది విడిగా చూడాలనీ, దాని వల్ల భూమి కొద్దిమంది చేతుల్లోకి పోతోందా, చిన్న రైతు ఏమవుతున్నాడు అన్నది కూడా చూడాలనీ చెప్పారు. ఆదికాండములో దేవుడు మనిషిని తోటలో ఉంచి రెండు పనులు అప్పగించాడు. ఒకటి సాగు, రెండోది కాపుదల. పరిశోధన సాగుకు చెందింది, అది మనకు అప్పగించిన పనే. కాపుదల మరిచి సాగు ఒక్కటే పట్టుకున్నప్పుడు తప్పు మొదలవుతుంది.

ఆ పొలం ఏమైందని అడుగుతారేమో. మొదటి కోత డబ్బుతో ప్రహరీ కట్టాం. ఆ తరువాత సంఘాన్ని కూర్చోబెట్టి, ఈసారి ఆ పెద్దావిడను కూడా పిలిచి మాట్లాడాం. రెండెకరాల్లో మోళ్ళు తీయించి పేట ఆడవాళ్ళకే కౌలుకిచ్చాం. మిగతా రెండెకరాల్లో వరసలు ఎడంగా వేసి, రెండు మూడు రకాల క్లోన్లు కలిపి పెట్టి, మొదటి రెండేళ్ళు నడుమ పెసర, మినుము వేయించాం. కలప కొంత తగ్గింది. ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా ఆ గోడ చూస్తాను. గట్టిగానే ఉంది. కాని అది నాలుగేళ్ళ కూలి పోగొట్టుకున్న వాళ్ళ గోడ అని నాకు తెలుసు.

ఆ యువకుడికి నేను చెప్పేది ఇదే. బాబూ, బాగా చదువు. నువ్వు ఒక చెట్టును మెరుగుపరిస్తే సంతోషిస్తాను. కాని దానికి 'మేలు రకం' అని పేరు పెట్టే ముందు నీ నాయనమ్మతో పొలానికి వెళ్ళు. ఆ చెట్టు వస్తే అక్కడ పని పోయేది ఎవరికో, బావి ఎండేది ఎవరిదో కనుక్కో. వాళ్ళను కూర్చోబెట్టుకుని అడుగు. నేను నాటాక విన్నాను, నువ్వు నాటక ముందే విను.