కథ ముగిశాక మనం ఎవరి వైపు తిరుగుతాం?

కర్నూలు నుండి నంద్యాల వెళ్లే దారిలో, ఓర్వకల్లు దగ్గర వింత వింత ఆకారాల్లో నిలిచిన బండరాళ్లు కనిపిస్తాయి. వాటి నడుమ నీటి మడుగులు ఉన్నాయి. 2013 జూలై 6న 'బాహుబలి' చిత్రీకరణ మొదలైంది ఇక్కడి రాక్ గార్డెన్‌లోనే. ఇక్కడికి వచ్చే యువకులు "షూటింగ్ ఎక్కడ తీశారు?" అని అడగడం మేము విన్నాం. ఈ రాళ్లను ఇలా నిలిపినవాడెవడు అని అడిగినవారిని మాత్రం చూడలేదు.

ఆ ఊరి యువకుడొకడు ఒక జుమా నమాజు తర్వాత మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. డిగ్రీ ముగించి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. తండ్రి బేతంచెర్లలో బండల పాలిష్ పనికి వెళ్తాడు. కాసేపు తటపటాయించి ఇలా అన్నాడు: "మౌలానా! ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఎర్తుగ్రుల్ సీరియల్ మొత్తం చూశాను. అందులో మంచివాళ్లు చనిపోతే వెక్కి వెక్కి ఏడ్చాను. నమాజులో మాత్రం ఒక్క కన్నీటి చుక్క రాదు. లేని మనుషుల కోసం ఏడ్చే ఈ గుండె అల్లాహ్ ముందు ఎందుకు ఎండిపోతుంది? నా ఈమాన్‌లోనే లోపం ఉందా?"

"అలాంటివి చూడకు" అని ఒక్క మాటతో అతణ్ణి పంపేయవచ్చు. హద్దులు మీరిన దృశ్యాలు, నమాజు వేళను మింగేసే వినోదాల గురించి ఉలమా చేసే హెచ్చరికను మేము తేలిక చేయడం లేదు. కాని అతను అడిగింది తన హృదయం సంగతి. దానికి సమాధానం ఇవ్వడం మా బాధ్యత.

మొదట ఒక నిజం ఒప్పుకోవాలి. కథ అయినంత మాత్రాన అది పాపం కాదు. మదరసాలో మేము 'మఖామాతె హరీరీ' చదివాం. క్రీ.శ. 1122లో మరణించిన హరీరీ రాసిన యాభై కల్పిత కథలవి. వాటి నాయకుడు అబూ జైద్ మాటల మాయతో జనాన్ని బురిడీ కొట్టించేవాడు. తరతరాలుగా ఉలమా ఆ గ్రంథాన్ని అరబీ భాష కోసం చదివారు, బోధించారు. దివ్య ఖుర్ఆన్ కూడా యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని అత్యుత్తమ గాథగా పేర్కొంది. అయితే అది కల్పన కాదు, సత్యం. మనిషి మనసు కథకు కరుగుతుందని దాన్ని సృష్టించినవానికి తెలుసు.

మరి తప్పు ఎక్కడ ఉంది? మక్కాలో నజర్ బిన్ హారిస్ అనేవాడు రుస్తుం, ఇస్ఫందియార్‌ల పారసీక గాథలు చెప్పి, జనం ఖుర్ఆన్ వినకుండా తన వైపు లాక్కునేవాడని వ్యాఖ్యాతలు రాశారు. లుఖ్మాన్ సూరాలోని 6వ ఆయతుకు ఇదే సందర్భమని వారిలో కొందరు చెప్పారు. అతని నేరం కథ చెప్పడం కాదు. సత్యం నుండి, బాధ్యత నుండి మనుషులను మళ్లించడానికి కథను వాడుకోవడం.

దీనికి భిన్నమైన ఘట్టం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. పదకొండుమంది స్త్రీలు తమ తమ భర్తల గురించి దాచకుండా చెప్పుకున్న సంగతిని హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు వినిపించారు. అది చాలా పొడవైన ముచ్చట. ఉమ్మత్ భారమంతా భుజాలపై ఉన్న ఆ మహనీయులు విసుగు లేకుండా చివరిదాకా విన్నారు. విన్న తర్వాత, ఉమ్మె జర్ఆ పట్ల అబూ జర్ఆ ఎంత ప్రేమగా ఉన్నాడో తానూ ఆయిషా పట్ల అలాంటివాణ్ణేనని అన్నారు. సోదరులారా! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కథ ముగియగానే ఆయన పక్కనున్న మనిషి వైపు తిరిగారు. కథలోని ప్రేమ ఇంటి మనిషికి చేరింది.

కథకు గీటురాయి ఇదేనని మేము భావిస్తాం. అది ముగిశాక మనం ఎవరి వైపు తిరుగుతున్నాం?

ఈ విషయంలో మా గతం కూడా చెప్పాలి. విద్యార్థి దశలో మేము నసీం హిజాజీ ఉర్దూ నవలలు దుప్పటి చాటున చదివేవాళ్లం. 'ఔర్ తల్వార్ టూట్ గయీ' చదివిన రాత్రి, 1799లో శ్రీరంగపట్నంలో నేలకొరిగిన టిప్పు సుల్తాన్ కోసం దిండు తడిసేలా ఏడ్చాం. అదే రాత్రి పక్క మంచం మీద జ్వరంతో ఉన్న సహవిద్యార్థి రెండుసార్లు నీళ్లు అడిగాడు. పుస్తకం వదలలేక విననట్టే ఉండిపోయాం. సుల్తాన్ కోసం కార్చిన కన్నీళ్లకు మాకు ఖర్చేమీ కాలేదు. ఆ గ్లాసెడు నీళ్లకు మాత్రం లేవాల్సి వచ్చేది. ఆ పిలుపు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది.

యువకుని ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కథ మనల్ని ఏమీ అడగదు. నాయకునికి మన పేరు తెలియదు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని లేస్తే లెక్క సరిపోతుంది. నమాజు అలా కాదు. అక్కడ చూసేవాడు అల్లాహ్, చూడబడేవాళ్లం మనం. ఇచ్చిన మాట, ఎగ్గొట్టిన బాకీ, నొప్పించిన తల్లి, అన్నీ అక్కడ మనతోపాటే నిలబడతాయి. మనసు అక్కడ బిగుసుకుపోవడంలో వింత లేదు. అందుకు బాధపడటమే ఈమాన్ బతికి ఉందనడానికి గుర్తు.

అభిమానం సంగతీ ఇంతే. 2020 సెప్టెంబరు 1 రాత్రి, చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో ఒక నటుని పుట్టినరోజుకు బ్యానర్ కడుతూ ముగ్గురు యువకులు కరెంటు షాక్‌తో చనిపోయారు. వారిని నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. వారిలో ప్రేమ ఉంది, శక్తి ఉంది, నలుగురిని కలుపుకుపోయే గుణం ఉంది. అంతటి విలువైన ప్రాణాలు ఒక బ్యానర్ దగ్గర ఆగిపోయాయన్నదే మన దుఃఖం.

కాని వేలు వారి వైపు చూపే ముందు మనల్ని మనం చూసుకుందాం. ప్రళయం ఎప్పుడని అడిగిన ఒక వ్యక్తిని, దానికోసం ఏం సిద్ధం చేశావని దైవప్రవక్త (స) అడిగారు. అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమించడం తప్ప గొప్పగా ఏమీ లేదన్నాడతను. ప్రేమించినవారితోనే ఉంటావని ఆయన శుభవార్త చెప్పారు. ఈ హదీసు విని మన కళ్లు చెమ్మగిల్లుతాయి. అయితే అల్లాహ్‌ను ప్రేమిస్తే ప్రవక్తను అనుసరించాలని ఆలి ఇమ్రాన్ సూరా 31వ ఆయతు స్పష్టంగా చెబుతోంది. నాత్ వింటూ ఏడుస్తాం, బండికి జెండా కట్టుకుని తిరుగుతాం. ఇంటికొచ్చి భార్యపై అరుస్తాం, కూలీకి డబ్బులు ఎగ్గొడతాం. అలాంటప్పుడు మనం దైవప్రవక్త (స)కు అనుచరులమా, కేవలం అభిమానులమా? అభిమాని చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. అనుచరుడు లేచి వెంట నడుస్తాడు.

ఆ యువకునితో మేము అన్నాం: "తమ్ముడూ! ఎర్తుగ్రుల్ ఉస్మానీ వంశానికి మూలపురుషుడు. కాని చరిత్రలో ఆయన గురించి గట్టిగా తెలిసింది చాలా కొంచెం. నువ్వు చూసినదానిలో ఎక్కువ భాగం కల్పన. అది గుర్తుంచుకో. నమాజు వేళకు ఫోన్ పక్కన పెట్టు. ఇక ఒక ప్రశ్న. మీ నాన్న రాతి దుమ్ములో పనిచేసి వస్తాడు కదా, ఆయన దగ్గుకు మందు ఎప్పుడు తెచ్చావు?" అతను తల దించుకున్నాడు. చాలాసేపటికి, "ఆయన దగ్గు వినబడకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను, మౌలానా" అన్నాడు. కళ్లు నిండిపోయాయి. ఆ కన్నీళ్లు ఏ కథానాయకుని కోసమూ కాదు.

హృదయాలు రాళ్లకంటే కఠినమయ్యాయని ఒక జాతిని మందలిస్తూ, కొన్ని రాళ్లయితే పగిలి నీళ్లను వెలికి తెస్తాయని బఖరా సూరా 74వ ఆయతు గుర్తుచేస్తుంది. ఓర్వకల్లు వెళ్లినవారు ఈసారి ఆ బండల మధ్య నీటిని చూసి ఈ ఆయతును తలచుకోండి. కథకు కరిగే గుండెలో నీరు ఉన్నట్టే. ఆ నీటిని మన ఇంటి వైపు, మన పొరుగు వైపు మళ్లించుకోవడమే మిగిలింది.

అల్లాహ్ మన కన్నీళ్లకు దారి చూపుగాక! మనల్ని తన ప్రవక్తకు నిజమైన అనుచరులుగా చేయుగాక! ఆమీన్.