మనవాళ్లా, వాళ్లా?

హైదరాబాదు జట్టు గెలిచిన రాత్రి "మనం గెలిచాం" అంటాము. ఓడితే "వాళ్లు ఓడారు" అంటాము. ఆదోని టీ అంగడిలోనైనా, ఎమ్మిగనూరు బస్టాండులోనైనా ఇదే మాట. నేనూ అన్నాను. ఇది ఆటతో ఆగితే బాధ లేదు. పదవ తరగతి తప్పిన బిడ్డ ఆ సాయంత్రానికే "మన కొడుకు" కాక "నీ కొడుకు" అయిపోతున్నాడు కదా!

2021 ఐ.పి.ఎల్.లో సన్‌రైజర్స్ 14 ఆటల్లో మూడే గెలిచి అట్టడుగున మిగిలింది. 2016లో కప్పు తెచ్చిపెట్టిన వార్నర్‌ను మే నెలలో కెప్టెన్సీ నుండి, ఆపై ఆడే పదకొండు మందిలోనుండి కూడా తప్పించారు. పరుగులు రానివానిని పక్కన పెట్టడం అన్యాయమనను. కాని పక్కన పెట్టడం వేరు, పరాయివాణ్ణి చేయడం వేరు. ఆ అక్టోబరులో దుబాయి మైదానంలో ప్రేక్షకుల మధ్య నుండి, ఓడిపోతున్న ఆ జట్టు జెండానే ఊపుతూ కనిపించాడు వార్నర్.