భండారి ధర్మము

శుచి వీరశైవునకు నిత్యవిధి. దేహమును, గృహమును, పూజాపాత్రలను నిర్మలముగా నుంచుకొనుట అతని ఆచారము. అయితే శుభ్రపరచుట యెల్లవేళల ధర్మమేనా? తొలగింపదగిన మలమేది? తొలగింపరాని వస్తుస్వభావమేది? ఈ ప్రశ్న చిన్నదిగా దోచును గాని, పాత నాణెమొకటి చేతికి వచ్చినపుడు దీని బరువు తెలియును.

పాణ్యములో ఒక కుటుంబమును ఊహింతము. తాతగారి పెట్టెలో విభూతియుండల ప్రక్కన 1862 నాటి విక్టోరియా రూపాయి యొకటి యున్నది. ఏండ్ల తరబడి పూజలో నుండుటచే గంధము, కుంకుమ, నూనె కలిసి దానిపై గట్టిపడినవి. పిమ్మట ఎవరో దానిని అట్టపై అతికించుటచే వెనుకవైపు జిగురు పట్టినది. మనుమడు దానిని నంద్యాలలో అమ్మదలచెను. అవ్వ చింతపండును, బూడిదను తెచ్చి, "ఇటు తే నాయనా, తళతళలాడునట్లు తోమి యిచ్చెదను" అనెను. ఆమె ప్రేమ మంచిదే. పని మాత్రము తగదు.

ఏల తగదు? పాత్ర వాడుకకు, పాత నాణెము సాక్ష్యమునకు. ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు, పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. దాని అక్షరములు, రేఖలు పలుచని పైపొరలోనే యున్నవి. బూడిదతో తోమినచో సన్నని గీతలు పడును. పోయిన రేఖ మరల రాదు. ఇక వెండిపై నలుపు గాలిలోని గంధకముతో వెండి కలియుటచే కలిగినది. రాగిపై గోధుమవన్నె ప్రాణవాయువుతో రాగి కలియుటచే కలిగినది. ఇవి బయటినుండి అంటిన మురికి కాదు. లోహమునకు వచ్చిన వయస్సు. రాగిపై ఆ పొర లోపలి లోహమును కాపాడును కూడ. ఇష్టలింగముపైనుండు నల్లని పూతను మురికియని యెవరైన గీకుదురా?

కావున విధి యిది. అంటినదానిని మాత్రమే తొలగింపవలెను, అదియు మృదువుగా. నాణెమును అంచులు పట్టి యెత్తి, గాజుగిన్నెలో స్వేదనజలము పోసి ఒక పూట నాననీయవలెను. నీరు మురికియైనపుడు మార్చవలెను. గంధము, కుంకుమ పెక్కుమారులు దీనితోనే వదలును. వదలనిచోట నానిన సన్నని చెక్కపుల్లతో ఒత్తిడి లేకుండ తాకవచ్చును. సూది, కత్తి పనికిరావు. జిగురునకు, నూనెజిడ్డునకు, ప్లాస్టిక్ సంచులనుండి పట్టిన పచ్చని జిగటకు శుద్ధమైన అసిటోను తగినది. అది జిడ్డును కరిగించును గాని లోహమును తినదు. గోళ్ళరంగు తుడుచు ద్రవములో పరిమళములు, రంగులు కలియును గనుక అది వలదు. అసిటోను వెంటనే అంటుకొనునది. దీపము, పొయ్యి లేనిచోట, కిటికీలు తెరచి వాడవలెను. తరువాత స్వేదనజలముతో కడిగి, మెత్తని నూలుబట్టపై అద్దవలెను, రుద్దరాదు. అప్పటికిని వదలనిచో ఆగుటయే వివేకము.

శాతవాహనులనాటి సీసపు నాణెములకు చింతపండు, నిమ్మరసము, వెనిగరు శత్రువులు. పులుసు తగిలిన సీసము తెల్లని పొడియై రాలిపోవును. ఆ పొడి విషము గనుక చేతులు కడుగుకొనవలెను. రాగి నాణెముపై లేతపచ్చని పొడి రాలుచు వ్యాపించుచున్నచో అది లోహమునకు పట్టిన రోగము. అట్టిదానిని తక్కినవానినుండి వేరుచేసి నిపుణునకు చూపవలెను. నల్లరేగడిలో దున్నునపుడు నాగలికి తగిలిన నాణెములను అసలే కడుగరాదు. అంటిన మన్నుకూడ సాక్ష్యమే. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది.

ఇక ఒక సందేహము. "నా తాత నాణెము నాది, తోముటకు నాకు హక్కు లేదా?" హక్కు గలదు. కాని ఆ నాణెము తాతకు ముందు ఎందరి చేతులలోనో మెలగినది. మనుమని తరువాతను మెలగును. తోమిన నాణెమును తోమనిదానివలె చూపి అమ్మినచో అది అసత్యము. కొనువాని ధనమును అపహరించుటయే. పొరపాటున తోమినవాడు ఆ మాట చెప్పి అమ్మినచో ధర తగ్గును గాని మనస్సు తేలికపడును.

12వ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. కోశధనమును జంగములకు వ్యయపరచెనని కొండెములు చెప్పగా, లెక్క చూచినపుడు ధనమేమియు తగ్గలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పు గాథ. భండారి సొమ్మునకు యజమాని కాడు, కావలివాడు. పాత నాణెము గలవాడును అట్టివాడే. తాను పొందినదానిని తగ్గింపక తరువాతివానికి అప్పగించుట అతని ధర్మము.

మనుష్యుని విషయమును ఇంతియే. అంటిన అసూయను, అసత్యమును కడుగవలెను. వయస్సు తెచ్చిన వన్నెను సిగ్గుపడి తోముకొనవలసిన పని లేదు. అవ్వ చింతపండును వంటయింటికి పంపి, గిన్నెలో నీరు పోయవచ్చును.